నూనె మూత

ఇంజను చల్లగా ఉండగానే మొదలుపెట్టాలి. వేడి మూకుడు మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో తెలిసిన ఆడదానికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడయింది. కారు రాత్రంతా వాకిట్లో నిలబడి ఉంది, చెయ్యి ఆనిస్తే లోహం నీళ్ళకుండ అడుగులా చల్లగా తగిలింది. బానెట్ ఎత్తి కడ్డీ ఆనించాను. ఇక ప్లాస్టిక్ సంచులు. కూరగాయలకొచ్చిన సంచులన్నీ ఇందుకే దాచిపెడతాను. గాలి పీల్చే గొట్టం మూతికి ఒకటి, కరెంటు పుట్టించే ఆ గుండ్రటి డబ్బాకి ఒకటి, వైర్లన్నీ వచ్చి కలిసే చోట ఒకటి, బ్యాటరీకి ఒకటి, అన్నిటికీ రబ్బరు బ్యాండ్లు. ఆఖరున నూనె పోసే చోటి మూత. దాన్ని గట్టిగా బిగించాను. మళ్ళీ బిగించాను. పైన ఒక సంచి చుట్టి, దాని మీద ఇంకో సంచి చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేశాక కూడా చెయ్యి అక్కణ్ణించి కదల్లేదు. పదకొండేళ్ళయింది, ఇంకా నా చేతికి ఆ మూత మీద నమ్మకం కుదరలేదు.

బాత్రూములోంచి ఆయన గొంతు సవరించుకోవడం వినిపిస్తోంది. ఆయన పేరు సర్వోకో, కాని మా క్లాతెన్ వైపు పెళ్ళాలు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు, పిల్లల నాన్న అనే అర్థంలో పక్నే అంటారు, ఆయన నన్ను బునే అంటారు, పిల్లలకి మీసాలొచ్చి వాళ్ళకే పిల్లలు పుట్టినా మా పిలుపులు మారలేదు. ఒక మగ్గు నీళ్ళు పోసుకున్న చప్పుడు. ఆ తరవాత, "గియాంతో, పాత సంగతి ఎత్తడం నాకిష్టం లేదు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. నేను క్షమించేశాను." ఇంకో మగ్గు. "ఒరేయ్ గియాంతో, మనం ఒకే బెంచీ మీద చదువుకున్నాం, నేను మనసులో ఏం పెట్టుకోలేదురా, క్షమించేశాను." ఈసారి గొంతు కొంచెం వణికించారు. బాగుందనుకున్నారేమో, వెంటనే రెండు మగ్గులు పోసుకున్నారు. నాకు నవ్వొచ్చింది. కాని ఆ నవ్వు నిలవలేదు. తొమ్మిదింటికి ఎదురింటి గియాంతో వస్తాడు. టీ తాగుతాడు. మా ఆయన ఈ మాటలు చెప్తారు. గియాంతో తల దించుకుని ఆ క్షమ పుచ్చుకుంటాడు, పుచ్చుకుంటాడని నాకు బాగా తెలుసు, అతను అలాంటివాడు. అతను చెయ్యని తప్పుకి. నేను చేసిన తప్పుకి.

చిన్న బకెట్లో గోరువెచ్చని నీళ్ళు, అందులో గిన్నెలు కడిగే సబ్బు ఒక మూతెడు. అంతే, అంతకంటే ఘాటైనది ఏదీ వద్దు. బట్టల సోడా తగిలితే అల్యూమినియం నల్లబడుతుంది, ఆ నలుపు మళ్ళీ పోదు. పాత పళ్ళబ్రష్షు ముంచి ఇంజను తల మీద మొదలుపెట్టాను. ఇంజను మొత్తం అల్యూమినియమే. అమ్మ వంటింట్లో అన్నం తపేలా ఏదో, ఇదీ అదే, కాకపోతే దీని పొట్టలో మంట ఉంటుంది, దానికి అడుగున ఉండేది. నూనె, దుమ్ము, ఎండాకాలం పొలాల్లో గడ్డి తగలబెట్టినప్పుడు ఎగిరొచ్చే మసి, అన్నీ కలిసి తారులా పేరుకున్నాయి. బ్రష్షు కింద ముందు గోధుమరంగు నురగ, తరవాత నల్ల నురగ, తుడిస్తే చిన్న కిటికీ తెరిచినట్టు ఒక తెల్లటి ముక్క. ఆ తెలుపు చూస్తే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. అదే నా జబ్బు. మాసిన అల్యూమినియం కనిపిస్తే నా చేతులు ఊరుకోవు.

అమ్మ నేర్పిన జబ్బు అది. దెలంగులో మా పుట్టిల్లంతా కలిపి రెండు గదులు, కాని వంటింటి గోడకి వరసగా బోర్లించిన గిన్నెల్లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. బియ్యం మర నుంచి ఊక తెచ్చి కాల్చి, జల్లించి, ఆ బూడిద డబ్బాలో పోసి బావి పక్కన పెట్టేది అమ్మ. తడి కొబ్బరి పీచు, దాని మీద చిటికెడు బూడిద, గుండ్రంగా, గుండ్రంగా, భుజం నొప్పి పుట్టేదాకా. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా అత్తగారు నా మొహం సరిగ్గా చూడనే లేదు. నీళ్ళు తాగే వంకతో వెనక్కి వచ్చి మూకుడు తిప్పి అడుగు చూసింది. "సర్వోకో, ఈ పిల్ల చాలు" అంది. ఆయన అప్పటికి నా మొహం చూస్తూనే ఉన్నారట, అడుగు గురించి తనకేం పట్టలేదట, అది తరవాత చాలాసార్లు చెప్పారు, చెప్పినప్పుడల్లా కొత్తగా చెప్తున్నట్టే చెప్తారు. ఆ వంకరటింకర నవ్వు నాకిష్టం. ఆ నవ్వు ఒక్కటే ఉన్న మనిషయితే ఈ పదకొండేళ్ళ సంగతి వచ్చేదే కాదు. కోపం కూడా ఉండేది. నా మీద ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు, అది చెప్పాలి, కాని కూరలో ఉప్పెక్కువైందనో, దారిలో ఎవరో ఏదో అన్నారనో, అన్నం పళ్ళెం వాకిట్లోకి ఎగిరేది. కోళ్ళు పరిగెత్తుకొచ్చేవి. నేను మెతుకులు ఏరుతుంటే ఎదురుగా షెడ్డులో గియాంతో ఏదో ఒక కారు కింద పడుకుని, బయటికి రాకుండా, పానా శబ్దం కూడా చెయ్యకుండా ఉండిపోయేవాడు. చూసినట్టు నాకు తెలియకూడదని అతని ఉద్దేశం. అతని కాళ్ళు కదలకపోవడం నాకు కనిపిస్తూనే ఉండేది.

మాంసం ముక్కలు గుచ్చి కాల్చే సాతే పుల్లకి గుడ్డ పీలిక చుట్టాను. బోల్టుల చుట్టూ, పక్కటెముకల్లాంటి గాడుల్లోకి బ్రష్షు పోదు, పుల్లే పోతుంది. ఒక్కో గాడిలోంచి ఒక్కో నల్లటి పురుగులాంటి మడ్డి బయటికొస్తోంది. నెమ్మదిగా. తొందరపడితే పుల్ల విరిగి ముక్క ఎక్కడో పడుతుంది. ఏదైనా లోపలికి పడిపోవడమనే మాట తలుచుకుంటేనే నాకు చెమట పడుతుంది. ఆ రోజు నాకీ భయం లేదు. ఆ రోజు నేను పాట పాడుకుంటూ తోమాను. మాకు ఏడాదికి మొదటిదైన సురో నెల మొదలైన మర్నాడు అది. ఆ నెల వస్తే ఇంట్లో తాతలనాటి వస్తువులు బయటికి తీసి కడుగుతారు, క్రిస్ కత్తి ఉన్నవాళ్ళు నిమ్మకాయ రసంతో తుప్పు వదిలించి, పూలనీళ్ళలో ముంచి, గంధం పొగ పెడతారు. సోలోలో రాజుగారి కోటలో బళ్ళు కడిగిన నీళ్ళకి జనం సీసాలు పట్టుకుని ఎగబడతారు. మా అత్తవారింట్లో కత్తి లేదు, బల్లెం లేదు. మామగారు పోతూ పోతూ కొడుక్కి ఇచ్చిన కారు మాత్రం ఉంది. వీధిలో అందరూ కత్తులు తీస్తుంటే మా ఆయన వాకిట్లో కూర్చుని, "మనకి కడగడానికి ఏముంది బునే, రెండు చెంచాలు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో కొంచెం చిన్నబోవడం ఉంది. నాకు మనసు చివుక్కుమంది. మర్నాడు శుక్రవారం, ఆయన ప్రార్థనకి మసీదుకి వెళ్ళారు. నేను బానెట్ ఎత్తాను. మన కత్తి ఇదేగా అనుకున్నాను. ఆయన తిరిగొచ్చేసరికి అమ్మ గోడ మీది గిన్నెల్లా మెరిపించాలనుకున్నాను. బావి పక్కన డబ్బా ఉంది. కొబ్బరి పీచు ఉంది.

ఊక బూడిద గిన్నెకి మంచిది. గిన్నె లోపల తిరిగేదేమీ ఉండదు కదా. ఇంజను లోపల అద్దంలా నున్నటి ముక్కలు ఒకదాని మీద ఒకటి తిరుగుతుంటాయని, వాటి మధ్య నూనె పొర తప్ప ఇంకేం ఉండకూడదని నాకెవరు చెప్తారు? పైన తోమాను. తెల్లగా వచ్చింది. నూనె మూత చుట్టూ మడ్డి కట్టి ఉంది, మూత తీసి దాని మరల్లో కూడా తోమాను, తరవాత ఆ రంధ్రం అంచంతా పీచుతో గుండ్రంగా, గుండ్రంగా. బూడిద నీళ్ళు కొంచెం లోపలికి జారాయి. చూశాను. అయ్యో అనుకుని చీర చెంగులాంటి నా బాతిక్ గుడ్డ కొనతో అంచు తుడిచి, మూత పెట్టేశాను. కొంచెమే కదా అనుకున్నాను. ఎంత జారిందో దేవుడికి తెలియాలి. సాయంత్రం ఆయన బానెట్ ఎత్తి చూశారు. అందులో తన మొహం కనిపించింది. వీధిలో నలుగురినీ పిలిచి చూపించారు. "మా కత్తి చూశారా" అన్నారు. గియాంతో కూడా వచ్చి చూశాడు. అతను ఇంజను కేసి కాక నాకేసి చూసి, "ఏం పెట్టి తోమావక్కా?" అన్నాడు. "సబ్బే" అన్నాను. ఎందుకలా అన్నానో నాకిప్పటికీ తెలియదు. బూడిద అంటే పల్లెటూరిదాన్ననుకుంటారనేమో. అప్పటికి ఇంజను బాగానే ఉంది, అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు. అయినా చెప్పాను.

కింద వైపు తోమడానికి వంగితే నడుం పట్టేసింది. ఒక్క నిమిషం గోడకి ఆనుకుని నిలబడ్డాను. వీధవతల గియాంతో పాత షెడ్డు తలుపులు మూసే ఉన్నాయి, తలుపు మీద రంగు వెలిసిన చక్రం బొమ్మ ఇంకా ఉంది. పక్కన వాళ్ళింటి ముందు వెదురు పందిరి వేస్తున్నారు. లేత కొబ్బరాకులు పసుపుపచ్చగా మెలితిప్పి వేలాడదీశారు. లస్త్రి, అతని భార్య, మెట్ల మీద ఎవరినో కేకలేస్తోంది. లస్త్రి గొంతు నాకు అలవాటే, మునుపు ఆ కేకల్లో నా పేరు కూడా ఉండేది. వాళ్ళ పెరట్లో పులుపు బిలింబికాయలు కాసినప్పుడల్లా మా ప్రహరీ గోడ మీద ఒక గిన్నెడు పెట్టి "వార్తినీ, తీసుకోవే!" అని అరిచేది. పదకొండేళ్ళుగా ఆ గోడ మీద పిల్లి తప్ప ఏదీ కూర్చోలేదు.

నాలుగో రోజు సురబాయా దారిలో ఇంజను పట్టేసింది. కారులో కిరాయికి ఎక్కించుకున్న పెళ్ళివారు ఎవరో ఉన్నారు, మిట్టమధ్యాహ్నం చెరుకు తోటల మధ్య అందరూ దిగి నిలబడ్డారట. లారీకి కట్టి మర్నాడు లాక్కొచ్చారు. గియాంతోనే విప్పాడు, ఇంకెవరు విప్పుతారు, వీధి దాటితే అతనే కదా. పైగా కారుకి నూనె మార్చింది కూడా అతనే, నేను తోమడానికి ముందు రోజు. నేను మా వాకిట్లో నిలబడి చూస్తున్నాను. అడుగు పళ్ళెం దించగానే అందులో నూనె నల్లగా కాదు, బూడిద రంగులో, చిక్కటి గంజిలా ఉంది. మా ఆయన పక్కనే నిలబడి, "ఇసుక! చూడు, ఇసుక! నీ గరాటు కడగలేదురా నువ్వు!" అని అరిచారు. గియాంతో ఆ మడ్డి రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అతని అమ్మ కూడా ఊక బూడిదతోనే గిన్నెలు తోమింది, లస్త్రీ తోముతుంది, ఈ దేశంలో ఆ గరగర తెలియని వేలు ఉండదు. అతను తల ఎత్తి ఒక్కసారి మా బావి వైపు చూశాడు. డబ్బా అక్కడే ఉంది. ఆ తరవాత నన్ను చూశాడు. నా నోరు తెరుచుకోలేదు. అతను ప్యాంటుకి చెయ్యి తుడుచుకుని, చాలా నెమ్మదిగా, "అయి ఉండొచ్చు" అన్నాడు.

ఆ రెండు ముక్కలూ ఇన్నేళ్ళూ నా చెవుల్లోనే ఉన్నాయి. అతనికి తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అని మొదట్లో నాకు నేనే బేరాలాడుకునేదాన్ని. తెలియదులే, అని ఒక వారం. తెలుసు, అని ఒక నెల. ఎగిరే పళ్ళెం చూసినవాడు కాబట్టి అన్నాడని ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. రేపు చెప్దామనుకున్నాను. రేపటికి మా ఆయన కాఫీ కొట్టు దగ్గర అందరి ముందూ చెప్పేశారు, వాడి చేతికి కారు ఇస్తే వల్లకాటికి ఇచ్చినట్టే అని. ఎల్లుండికి ఆ మాట వీధి దాటింది. ఇక నేను చెప్తే ఆయన అబద్ధాలకోరు అవుతారు, అందుకని ఆయన పరువు కోసం చెప్పలేదని అనుకున్నాను. అదీ అబద్ధమే. నాకు భయం, అంతే. కార్లు రావడం తగ్గింది, గియాంతో షెడ్డు మూసేసి పొలాల్లో నీళ్ళ మోటార్లు బాగుచెయ్యడానికి సైకిలేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. వీళ్ళిద్దరూ మాటలు మానేశారు. మానేయడమంటే మామూలు మానేయడం కాదు. వీధి కాపలా వంతు ఇద్దరికీ ఒకే రోజు వచ్చేది, తెల్లవార్లూ ఎదురెదురుగా కూర్చుని డొమినో ముక్కలు వేసుకునేవాళ్ళు, ఒక్క మాట లేదు. "వాడి వంతని చెప్పండి" అని మా ఆయన పక్కవాడికి చెప్పేవారు. వీధంతా నవ్వుకుంది. తరవాత నవ్వడం కూడా మానేసింది.

సోలోలో ఎవరిచేతో కారుకి వేరే ఇంజను పెట్టించారు, పట్టేసినదాని తల యోగ్యా వైపు మూకుళ్ళు పోతపోసేవాళ్ళకి వెళ్ళింది. వాళ్ళు దాన్ని కరిగిస్తారు. ఆయన తిరిగొస్తూ వాళ్ళ దగ్గర ఒక కొత్త మూకుడు పుచ్చుకుని వచ్చి, "ఇదిగో, మన కత్తి" అని నా చేతిలో పెట్టారు. అందులోనే పదకొండేళ్ళుగా సోయాగింజల టెంపే ముక్కలు వేయిస్తున్నాను. రోజూ దాన్ని తోముతాను. దేనితో? బూడిదతోనే. దానికి అదే మంచిది. తోముతున్నప్పుడు ఆ గరగర శబ్దం వేళ్ళ కింద వింటూ, నాకు శిక్ష వెయ్యడానికి ఎవరూ లేకపోయినా రోజూ పొద్దున్నా సాయంత్రం ఒక అరగంట నేనే వేసుకుంటున్నానని అనిపిస్తుంది. అంత అనిపించినా నోరు మాత్రం పెగల్లేదు. శిక్ష వేసుకోవడం తేలికే, చెప్పడమే కష్టం.

అటు మొన్న లస్త్రి చెల్లెలు వచ్చి అరుగు మీద క్యారియర్ పెట్టి వెళ్ళింది. నాలుగు గిన్నెల క్యారియర్, అల్యూమినియందే, తళతళా. పెళ్ళికి పిలవాలంటే మా వైపు చీటీ పంపితే చాలదు, దగ్గరివాళ్ళకి క్యారియర్లో అన్నం పంపాలి, అది తిన్నామంటే వెళ్ళక తప్పదు. పై గిన్నెలో అన్నం, కింద నూడిల్స్, దాని కింద కారపు బంగాళదుంప కూర, అడుగున కోడి తొడ. మా ఆయన చాలాసేపు దానికేసి చూశారు. "ఎవరి పెళ్ళి?" అన్నారు, తెలిసీ. వెనింగ్‌దని చెప్పాను. వెనింగ్ గియాంతో కూతురు, ఆరేళ్ళ పిల్లగా మా కారు ముందు సీట్లో ఎక్కి కూర్చుని, దిగమంటే దిగక, "పెళ్ళికూతుర్నయ్యాక కూడా ఇందులోనే కూర్చుంటా" అని ఆయన్ని ఏడిపించేది. ఆయన కోడి తొడ తీసుకున్నారు. ఎముక దాకా తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "పెళ్ళయిన ఐదో రోజు అమ్మాయిని బోయొలాలీలో అత్తారింటికి మన కార్లోనే దింపుదాం. వాణ్ణి టీకి పిలు. నేను వాణ్ణి క్షమించేస్తా" అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఎంతో పెద్ద మనసు చేసుకున్న మనిషి మొహంలా ఉంది. నిజంగానే చేసుకున్నారు, అదే నా ప్రాణానికి వచ్చింది. పగ పట్టిన మొగుడి ముందు దాచడం ఒక ఎత్తు. క్షమిస్తున్న మొగుడి ముందు దాచడం ఇంకో ఎత్తు. పగలో అయితే గియాంతో అన్యాయంగా మాట పడ్డాడు, ఇవాళ ఆ క్షమ పుచ్చుకున్నాడంటే చేశానని ఒప్పుకున్నట్టే. ఇక ఆ గరాటు అతని మెడలోనే శాశ్వతంగా వేలాడుతుంది.

తడి గుడ్డతో మూడుసార్లు తుడిచాను. నీళ్ళ గొట్టం పెట్టకూడదు, గుడ్డ పిండి పిండి తుడవాలి. సైకిల్ పంపుతో గాడుల్లో గాలి కొట్టాను, నీటి బొట్లు ఎగిరి నా మొహం మీద పడ్డాయి. తెల్లగా ఉంది. అద్దంలా లేదు, అద్దంలా ఉండక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలు. సంచులు ఇంకా విప్పలేదు. ఆయన తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి, జేబు మీద అరచెయ్యి ఆనించుకుని, బానెట్ కిందకి తొంగి చూసి, "పెళ్ళికూతురు ఇంజను మీద కూడా కూర్చోవచ్చు" అన్నారు. అరుగు మీద బల్ల సర్దారు. నాలుగు కుర్చీలు వేసి, ఎక్కువనిపించి ఒకటి తీసేశారు.

గియాంతో తొమ్మిదికి ముందే వచ్చాడు. నెరిసిన జుట్టు తడిపి దువ్వాడు, పెళ్ళికి దాచుకున్న బాతిక్ చొక్కా వేసుకొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, సగం వంగి, "రావచ్చా?" అన్నాడు. పదకొండేళ్ళలో మా ఇంట్లో అతని మొదటి మాట. మా ఆయన "రా, రా" అన్నారు రెండుసార్లు. టీ పోశాను, మల్లెల టీ, చక్కెర ఎక్కువ. ఇద్దరూ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"గియాంతో, పాత సంగతి ఎత్తడం నాకిష్టం..."

నా కాళ్ళు నడుస్తున్నాయని నాకు బావి దగ్గరికి వెళ్ళాకే తెలిసింది. డబ్బా తెచ్చి టీ గ్లాసుల మధ్య పెట్టాను. మూత తెరిచాను కూడా. బూడిద కొంచెం ఎగిరి చక్కెర మీద పడింది.

"ఇదేంటి బునే, టీ బల్ల మీద బూడిద డబ్బా?"

"ఆ ఏడు ఇంజను తోమింది దీంతోనే పక్నే. సబ్బు కాదు. నూనె మూత తీసి అంచంతా తోమాను. లోపలికి జారింది. చూశాను, చూసి కూడా మూత పెట్టేశాను. గరాటులో ఏం లేదు. ఇతను ఏ తప్పూ చెయ్యలేదు."

ఇంతే. పదకొండేళ్ళు మోసింది ఇంత చిన్న మాట. చెప్పేశాక నా చెయ్యి పళ్ళెం ఎక్కడుందో వెతికింది, పాత అలవాటు. బల్ల మీద పళ్ళెం లేదు. ఆయన చెయ్యి కూడా కదల్లేదు. నోరు కొంచెం తెరిచి ఉంది, చెప్పబోయిన మాట ఇంకా అందులోనే ఉన్నట్టు. గియాంతో వైపు తిరిగారు.

"నువ్వు అయి ఉండొచ్చు అన్నావు కదరా?"

"అన్నాను."

"వేలితో రుద్దావు. వాసన చూశావు. నీకు తెలుసు."

"తెలుసు."

"మరెందుకన్నావురా?"

గియాంతో టీ ఊదుకున్నాడు. "ఆ రోజుల్లో నీ ఇంట్లో పళ్ళేలు ఎక్కువగా వాకిట్లోనే ఉండేవి" అన్నాడు.

ఆయన లేచారు. కారు దగ్గరికి వెళ్ళారు, సంచులు చుట్టిన ఇంజను కేసి చూస్తూ మాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది, నా కోసం కాదు, ఆయన కోసం. పొద్దున ఎంత ముచ్చటగా స్నానం చేశారు. తిరిగొచ్చి కూర్చుని, జేబులోంచి తాళంచెవి తీసి గియాంతో గ్లాసు పక్కన పెట్టారు. పదకొండేళ్ళుగా ఆ కారు మీద అతని చెయ్యి పడనివ్వలేదు ఆయన.

"పొద్దున్నించి మాటలు కూడబలుక్కున్నానురా" అన్నారు. "ఒక్కటీ పనికిరాదు."

"విన్నాను. నీ బాత్రూము కిటికీ మా ఇంటివైపే కదా. నాలుగోసారి బాగా వచ్చింది."

"విని కూడా వచ్చావా?"

"పిలిచావుగా."

"షెడ్డు మూయించాను. కొట్టు దగ్గర నానా మాటలూ అన్నాను. నిన్ను ఏం అడగాలో కూడా నాకు తెలియట్లేదు."

"ఏం అడక్కు. నాకు ఈ తాళంచెవి చాలు. ఆ మాటలు పారెయ్యకు, అక్కకి పనికొస్తాయి."

గియాంతో లేచి కారు దగ్గరికి వెళ్ళాడు, పందిట్లో పని ఉన్నవాడిలా చకచకా. నూనె కొలిచే పుల్ల లాగాడు. కొసన ఉన్న నూనెని రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దాడు, ఆ రోజు రుద్దినట్టే, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఆ రోజు పెట్టుకున్నట్టే. అతను చెయ్యి నా వైపు చాపాడు. నా వేలితో ముట్టుకున్నాను. నున్నగా ఉంది. గరగర లేదు.

"నూనే అక్కా" అన్నాడు. "ఉత్త నూనె."

వెనకనుంచి మా ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. "బునే, పాత సంగతి ఎత్తడం నాకిష్టం లేదు. మనిషన్నాక..." అక్కడ ఆగిపోయారు. గియాంతో పుల్లని మళ్ళీ దాని గొట్టంలోకి దింపుతూ తల ఎత్తలేదు. ఆయన డబ్బా మీద మూత పెట్టారు, మళ్ళీ తీశారు, వేలితో చిటికెడు బూడిద తీసుకుని రుద్ది చూశారు. "కాదు, ఎత్తు" అన్నారు. "నేనేం అననులే. మొదట్నించీ చెప్పు, అంతా చెప్పు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గియాంతో సంచులు విప్పుతున్నాడు, ప్లాస్టిక్ చప్పుడు మెల్లగా వినిపిస్తోంది.

"ఆ రోజు శుక్రవారం" అన్నాను.